టెంటులోకి కరెంటు: ఎంసీబీ ఉంటే చాలదు

సంపాదకుడికి,

అయ్యా,

కార్తీకం వచ్చిందంటే లంబసింగి, వంజంగి, అరకు దారుల్లో శని, ఆదివారాలు కార్లు బారులు తీరుతాయి. తెల్లవారుజామున కొండల మధ్య పేరుకున్న మేఘాలను చూడాలని వచ్చేవాళ్లకు లాడ్జి గదులు చాలవు. అందుకే రోడ్డు పక్క మెట్టల్లో, కాఫీ తోటల అంచుల్లో టెంట్లు వెలుస్తున్నాయి. అక్కడి ట్రాఫిక్ గురించీ, పారేసిపోయిన ప్లాస్టిక్ గురించీ పత్రికల్లో రాస్తూనే ఉన్నారు. ఆ టెంట్లలోకి వెళ్తున్న కరెంటు గురించి మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు. వైరింగ్ పని చేసి బతికేవాణ్ణి కనుక ఎక్కడికెళ్లినా నా కళ్లు ముందు దాని మీదే పడతాయి.

పోయిన చలికాలం బంధువులతో కలిసి ఒక క్యాంపులో దిగాం. పేరు రాయను, ఎందుకంటే చుట్టుపక్కల వాటి పరిస్థితీ ఇంచుమించు అదే. వెదురు గుంజకు ఒక చెక్క బోర్డు, దానికి మూత లేదు. సాకెట్‌లో ప్లగ్గు లేకుండా వైరు కొసలు దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. అక్కణ్నుంచి పెళ్లి పందిళ్లకు సీరియల్ బల్బులు వేసే సన్నటి రెండు పోగుల వైరు గడ్డిలో పరుచుకుంటూ టెంట్ల వరుస దాకా వెళ్లింది. మధ్యలో అతుకు వేసి, టేపు చుట్టి, పైన పాలిథిన్ కవరు కట్టారు. వాన పడకపోయినా అక్కడ రాత్రంతా మంచు కురుస్తుంది, తెల్లారేసరికి టెంటు బట్ట పిండితే నీళ్లు కారతాయి. ఆ కవరు నీళ్లను ఆపకపోగా లోపలే పట్టి ఉంచుతుంది. అతుక్కు జానెడు దూరంలో టెంటు తాడు కట్టిన ఇనుప మేకు దిగి ఉంది. చీకట్లో ఇంకో మేకు కొట్టే కుర్రాడికి గడ్డిలో వైరు కనిపిస్తుందా?

నిర్వాహకుణ్ణి అడిగితే, "ఎంసీబీ ఉందండీ, ఏం కాదు" అన్నాడు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఈ ఒక్క మాట గురించే. చదువుకున్న వాళ్లు కూడా ఇదే నమ్ముతున్నారు.

ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే బోర్డు స్విచ్. అది కాపాడేది వైరును. లోడు ఎక్కువైనా, ఫేజు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగి వెళ్లే తీగ) ఒకదానికొకటి తగిలి షార్ట్ అయినా వైరు కాలిపోకుండా అది ఆపుతుంది. మనిషికి షాక్ కొట్టడం దాని లెక్కలోకి రాదు. ఒళ్లు తడిసి, ఉత్త కాళ్లతో నేల మీద ఉన్న మనిషి 230 వోల్టుల ఫేజు పట్టుకుంటే ఒంట్లోంచి పోయేది సుమారు 200 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అంత కూడా అక్కర్లేదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణం పోయే కరెంటు దానికి ఒక చిన్న బల్బు లోడులా కనిపిస్తుంది. అది కదలదు.

ఎర్తింగ్ ఉంటే ఎంసీబీ పడిపోతుంది కదా అని మా పనివాళ్లే వాదిస్తారు. ఊళ్లో, మంచి ఎర్తింగ్ ఉన్నచోట అది కొంతవరకు నిజమే. కొండ మీద రాతి నేలలో మూడడుగుల రాడ్డు దింపి ఎర్తింగ్ అంటే కుదరదు. దాని నిరోధం 50 ఓములు ఉందనుకోండి, కెటిల్ బాడీకి ఫేజు తగిలినా భూమిలోకి పోయేది నాలుగున్నర ఆంపియర్లే. ఎంసీబీ అలాగే ఉంటుంది, కెటిల్ బాడీలో కరెంటూ అలాగే ఉంటుంది. పైగా ఆ రెండు పోగుల వైరులో ఎర్త్ తీగే లేదు, కాబట్టి ఈ వాదనకు అక్కడ చోటే లేదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ అనే ఇంకో స్విచ్. ఫేజులో ఎంత వెళ్లిందో న్యూట్రల్‌లో అంతే తిరిగొస్తోందా అని అది అనుక్షణం సరిచూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే మధ్యలో ఎవరి ఒంట్లోంచో, తడి నేలలోంచో పోతున్నట్టే. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు పడిపోయే ఆర్‌సీసీబీ అయితే ఆపేయడానికి సెకనులో మూడో వంతు కూడా తీసుకోదు. దాని ఖరీదు రెండు మూడు వేలు, సీజన్‌లో ఒక శనివారం రాత్రి రెండు టెంట్ల అద్దె. ఇది లోడును పట్టించుకోదు కాబట్టి ఎంసీబీ కూడా ఉండాల్సిందే. రెండు పనులూ ఒక్కటే చేసే ఆర్‌సీబీఓ కూడా దొరుకుతుంది. ఫేజును ఒక చేత్తో, న్యూట్రల్‌ను ఇంకో చేత్తో పట్టుకున్నవాణ్ణి మాత్రం ఇది కూడా కాపాడలేదు. అగ్గిపుల్లల బోర్డులు పోవాలనేది అందుకే.

మా మేనల్లుడు బ్రిటన్‌లో ఉంటాడు, ఎండాకాలం పిల్లల్ని తీసుకుని క్యాంపింగ్‌కు వెళ్తుంటాడు. అక్కడ టెంటు వేసుకునే స్థలం పక్కన ఒక స్తంభం, దానికి మూత ఉన్న నీలం రంగు సాకెట్. అక్కడి నిబంధనల ప్రకారం ప్రతి సాకెట్‌కూ విడిగా 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ ఉండాలి. ఒక టెంటులో లోపం వస్తే ఆ ఒక్క టెంటే చీకటవుతుంది. మన దగ్గర మొత్తం క్యాంపుకు ఒకటే పెడితే, ఎవరి కెటిల్ లీకైనా అందరికీ కరెంటు పోతుంది. రెండోసారి పోయేసరికి నిర్వాహకుడు విసిగి దాన్ని పీకేసి లైను నేరుగా కలుపుతాడు. ఇది ఊహించి రాసింది కాదు, షాపుల్లో రోజూ చూస్తున్నదే. కాబట్టి అడిగేటప్పుడే టెంటుకొకటి అని అడగాలి. అక్కడ టెంటుకు వాడే కేబుల్ మూడు పోగులది, మా భాషలో చెప్పాలంటే రెండున్నర వైరు (ఒక్కో పోగు 2.5 చదరపు మిల్లీమీటర్లది), గడ్డిలో కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగుది. చుట్టగా ఉన్న కేబుల్‌ను పూర్తిగా విప్పాకే వాడాలన్నది అక్కడ పిల్లలకు కూడా తెలుసట. చుట్ట మీదే పెద్ద లోడు వేస్తే లోపలి వేడి బయటికి పోక ఇన్సులేషన్ కరిగిపోతుంది.

లోడు సంగతీ చెప్పాలి. 1,500 వాట్ల కెటిల్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, 2,000 వాట్ల రూమ్ హీటర్ తొమ్మిదికి దగ్గరగా. ఆరు ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇవి ఒక్కోటీ ఎక్కువే. వచ్చే పర్యాటకులు నెమ్మదస్తులేం కాదు. ఇండక్షన్ పొయ్యి, హెయిర్ డ్రయ్యర్, ఒకాయనైతే నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డు కూడా తెచ్చాడు! ప్లాస్టిక్ బకెట్‌లో రాడ్డు, బకెట్ టెంటు గుమ్మంలో, పక్కన పిల్లలు. సింథటిక్ బట్ట టెంటుకు నిప్పంటుకుంటే జిప్పు లాగే టైము కూడా దొరకదు. అలాగని హీటరు వద్దన్నారు కదా అని బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోకండి. మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని నిద్రలోనే పోయినవాళ్ల వార్తలు ప్రతి చలికాలం చదువుతున్నాం. రెండు రగ్గులు ఎక్కువ అడిగి తీసుకోండి.

నన్నడిగితే అసలు 230 వోల్టులు టెంటులోకి రానక్కర్లేదు. క్యాంపు మధ్యలో రేకుల పాక ఒకటి వేసి, ఫోన్లు చార్జ్ చేసుకునేందుకు సాకెట్లు, వేడినీళ్ల ఏర్పాటు అక్కడే పెడితే సరిపోతుంది. టెంటులోకి బ్యాటరీ లైటు, పవర్ బ్యాంకు చాలు. దారి పొడవునా దీపాలు కావాలంటే 12 వోల్టుల ఎల్ఈడీలు ఉన్నాయి, వాటి వైరు తడిసినా ప్రాణం మీదికి రాదు. అవి నడిపే అడాప్టరు మాత్రం పాకలోనే ఉండాలి. టెంటులో సాకెట్ ఇచ్చి తీరాలంటే పైన చెప్పిన రక్షణ లేకుండా ఇవ్వకూడదు.

జనరేటర్ల మీద నడిచే క్యాంపులది ఇంకో ఇబ్బంది. చిన్న పెట్రోలు జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ భూమికి కలిపి ఉండదు. అప్పుడు మెయిన్‌లో ఆర్‌సీసీబీ పెట్టినా, ఒక టెంటు దగ్గర న్యూట్రల్ తడి నేలకు తగిలి ఉండి, ఇంకో టెంటు దగ్గర మనిషి ఫేజు పట్టుకుంటే దానికి తేడా తెలియకపోవచ్చు. జనరేటర్‌ను లైసెన్సు ఉన్నవాళ్ల చేత ఎర్తింగ్ చేయించకుండా నడపనివ్వకూడదు.

టెంట్లు మూయించాలని నేను రాయడం లేదు. వీటిని నడిపేవాళ్లలో చాలామంది స్థానిక గిరిజన యువకులు, ఏడాదిలో మూడు నాలుగు నెలలే వాళ్లకు రాబడి. కాగితాల పేరుతో వాళ్లను తిప్పించుకుంటే వాళ్లు పక్క ఇంటి మీటరు నుంచి దొంగచాటుగా లైను లాగుతారు, అది ఇంకా ప్రమాదం. కేంద్ర విద్యుత్ అథారిటీ 2023లో తెచ్చిన భద్రతా నిబంధనల్లో ఎర్త్ లీకేజీ రక్షణ గురించి ఉంది. కొత్త చట్టమేమీ అక్కర్లేదు. టెంట్లకు అనుమతిచ్చేవాళ్లు షరతుల్లో టెంటుకొక ఆర్‌సీసీబీ ఉండాలని ఒక వాక్యం చేర్చాలి. తాత్కాలిక కనెక్షన్ ఇచ్చే ముందు లైన్‌మన్ బోర్డు చూసి, ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కి, పడిందో లేదో రాసుకోవాలి. పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) చొరవ తీసుకుని బోర్డుల మీద కొంత సబ్సిడీ ఇస్తే మరీ మంచిది. గండికోటలోనూ, వికారాబాద్ అనంతగిరి కొండల్లోనూ టెంట్లు వేస్తున్నారు కాబట్టి ఈ మాట రెండు రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

బుక్ చేసుకునేవాళ్లు కూడా ఫోన్లో క్యాంప్‌ఫైర్ ఉందా, బిర్యానీ ఉందా అని అడిగేటప్పుడు, టెంటు ప్లగ్గుకు ఆర్‌సీసీబీ ఉందా అని కూడా అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడు వచ్చేసరికి పెట్టి ఉంచుతారు. అక్కడికి వెళ్లాక ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు. స్పృహ, ఊపిరి లేకపోతే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి, పక్కవాళ్ల చేత 108కు ఫోన్ చేయించండి. కొండ మీదికి అంబులెన్స్ రావడానికి సమయం పడుతుంది, సిగ్నల్ కూడా అన్నిచోట్లా ఉండదు.

సంక్రాంతి సెలవులకు రద్దీ రెట్టింపవుతుంది, తనిఖీలు ఆలోపే జరగాలి. అధికారులు ఒక రోజు ఏర్పాటు చేస్తే, బోర్డు ఎలా కట్టాలో క్యాంపు కుర్రాళ్లకు చూపించడానికి నాలాంటి పనివాళ్లం నలుగురైదుగురం నర్సీపట్నం నుంచి రావడానికి సిద్ధంగా ఉన్నాం. కూలీ అడగం, సామాను వాళ్లు తెచ్చుకుంటే చాలు.

ఇట్లు,
లైసెన్సు ఉన్న ఒక ఎలక్ట్రీషియన్,
నర్సీపట్నం