పెదనాన్నగారికి పారిస్ నుంచి: మా విద్యాసంస్థ పుట్టుపూర్వోత్తరాలు

పారిస్

పూజ్యులైన పెదనాన్నగారికి,

నమస్కారములు. నేనిక్కడ క్షేమంగా ఉన్నాను. పెద్దమ్మగారి మోకాలి నొప్పి కొంత తగ్గిందని చెల్లి చెప్పింది, సంతోషించాను. నేను చదువుతున్నది విశ్వవిద్యాలయమా, పరిశోధనా సంస్థా, పేరులో యూనివర్సిటీ అన్న మాటే లేకపోతే డాక్టరేట్ ఎవరిస్తారని మీరు ఫోనులో అడిగారు. అప్పుడు రెండు ముక్కల్లో ఏదో చెప్పాను కానీ, ముప్ఫై ఏళ్లు ఎకనామిక్స్ పాఠం చెప్పిన మీకు అలాంటి జవాబు సరిపోదని తెలుసు. అందుకే ఈసారి తీరిగ్గా రాస్తున్నాను.

మా సంస్థ పేరు ఎకోల్ దే ఓత్ ఎతూద్ ఆన్ సియాన్స్ సోసియాల్. ఇది సామాజిక శాస్త్రాలలో పరిశోధనకూ, ఎం.ఏ., డాక్టరేట్ స్థాయి చదువులకూ ఏర్పడినది. దీనికి ఈ పేరూ, స్వతంత్ర ప్రతిపత్తీ వచ్చినది 1975లో అయినా, మూలాలు వెతుక్కుంటూ పోతే మూడవ నెపోలియన్ చక్రవర్తి కాలానికి చేరుకుంటాము. ఆ రోజుల్లో విద్యామంత్రిగా ఉన్న వీక్తోర్ ద్యురుయికి ఒక బెంగ ఉండేది. జర్మనీలో ఆచార్యుడు విద్యార్థులను చుట్టూ కూర్చోబెట్టుకుని, మూలప్రతులనూ ప్రయోగాలనూ వారి కళ్లముందే పరీక్షిస్తూ పరిశోధన నేర్పిస్తుంటే, పారిస్‌లో మాత్రం ఆచార్యులు పెద్ద హాలులో ఎవరెవరో శ్రోతలకు అలంకారభరితమైన ఉపన్యాసాలిచ్చి, తక్కిన సమయమంతా పరీక్షల నిర్వహణలో గడిపేవారు. సోర్బన్నును, అంటే పారిస్ విశ్వవిద్యాలయాన్ని, సంస్కరించడం తన వల్ల కాదని గ్రహించిన ద్యురుయి, దాని గోడల లోపలే, దానితో సంబంధం లేకుండా, 1868లో ఎకోల్ ప్రాతిక్ దే ఓత్ ఎతూద్ అన్న కొత్త వ్యవస్థను నెలకొల్పాడు. అక్కడ చేరడానికి వయసు, పట్టా, జాతీయత ఏదీ అడ్డు కాదని నియమం పెట్టారు. గణితం, భౌతిక రసాయన శాస్త్రాలు, జీవశాస్త్రం, చరిత్ర-భాషాశాస్త్రం అని మొదట నాలుగు విభాగాలు ఏర్పడ్డాయి; మతాల అధ్యయనానికి అయిదవ విభాగం 1886లో వచ్చింది. ఆర్థిక శాస్త్రానికి కూడా ఒక విభాగం ఉండాలని ద్యురుయి తలపెట్టాడు కానీ 1869లో ఆయన పదవి పోయింది, ఆ ఆలోచన కాగితం మీదే మిగిలింది. మీ శాస్త్రానికి అక్కడ కుర్చీ దొరకడానికి ఇంకా ముప్పాతిక శతాబ్దం పైగా పట్టిందన్నమాట!

ఆ కుర్చీ రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత గాని రాలేదు. లూసియన్ ఫెవ్ర్, మార్క్ బ్లాక్ అనే ఇద్దరు చరిత్రకారులు 1929లో స్ట్రాస్‌బుర్గ్ నుంచి ‘అనాల్’ అన్న పత్రికను ప్రారంభించారు. రాజుల, యుద్ధాల, సంధుల చరిత్ర కాకుండా ధరలు, పంటలు, జనాభా, నమ్మకాలు కూడా చరిత్రేనని వాదించారు. బ్లాక్ జర్మన్ ఆక్రమణ మీద ప్రతిఘటనోద్యమంలో చేరి 1944 జూన్‌లో జర్మన్ల తుపాకులకు బలయ్యాడు. మిగిలిన ఫెవ్ర్, షార్ల్ మొరాజే వంటివారి సహాయంతో, 1947లో ఎకోల్ ప్రాతిక్‌కు ఆరవ విభాగాన్ని సాధించుకున్నాడు. దాని పేరు ఆర్థిక సామాజిక శాస్త్రాల విభాగం. అధ్యక్షుడు ఫెవ్ర్. ప్రభుత్వం ఇచ్చిన ఉద్యోగాలు కొద్దిపాటివి. పరిశోధనకు అవసరమైన డబ్బులో గణనీయమైన భాగం అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ నుంచి వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ సంస్థ గురించి ఇక్కడివారు గొప్పగా చెప్పుకునే కథల్లో ఈ డబ్బు సంగతి తరచుగా పక్కకు పోతుంది. యుద్ధంలో చితికిపోయిన ఐరోపాలో సామాజిక శాస్త్రాలు బలపడితే కమ్యూనిజం ప్రభావం తగ్గుతుందన్న ఆశ అమెరికన్ దాతలకు ఉండేది. 1950లలో చైనా, రష్యా, ఇండియా, ఆఫ్రికా వంటి ప్రాంతాల అధ్యయనాలకు ఈ విభాగం కేంద్రాలు ప్రారంభిస్తున్నప్పుడు, కొందరు వామపక్ష పండితుల విషయంలో ఫౌండేషన్‌వారు ముఖం చిట్లించారు. పారిస్‌వారు డబ్బు తీసుకున్నారు, మనుషులను మాత్రం తమకు నచ్చినవారినే ఎంచుకోవడానికి చూశారు. ఈ రెండు పనులూ ఒకేసారి నడిపించగలిగిన నేర్పరి ఫెర్నాఁ బ్రోదెల్. 1956లో ఫెవ్ర్ మరణించాక ఆయన అధ్యక్షుడై 1972 వరకు ఆ పదవిలో ఉన్నాడు. యుద్ధకాలంలో జర్మనీలోని ఖైదీల శిబిరాల్లో, తన నోట్సులు దగ్గర లేకుండా, మధ్యధరా ప్రపంచం మీద తన సిద్ధాంత గ్రంథపు చిత్తుప్రతిని చాలావరకు జ్ఞాపకం నుంచి రాసిన మనిషి ఆయన. ఆయన చరిత్రకారుడు మాత్రమే కాదు, దఫ్తరం నడపడం తెలిసినవాడు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండటం ఈ సంస్థకు కలిసివచ్చిన అదృష్టమని నా అభిప్రాయం.

మీకు ఆసక్తి కలిగించే సంగతి ఇప్పుడు వస్తుంది. మీరు క్లాసులో చెప్పిన డేనియల్ థార్నర్ గుర్తున్నారా? భారత వ్యవసాయాన్ని లోలోపల అణగదొక్కే యంత్రాంగం ఒకటి ఉందనీ, అధిక కౌలు, అధిక వడ్డీ, అతి తక్కువ కూలి కలిసి సాగుచేసేవాడి చేతిలో పెట్టుబడికి ఏమీ మిగలనివ్వవనీ 1950లలోనే చెప్పిన ఆర్థికవేత్త. ఆయన అమెరికన్. అమెరికాలో కమ్యూనిస్టుల కోసం సాగిన మెకార్తీ కాలపు వేటలో తోటివారి పేర్లు చెప్పడానికి నిరాకరించి స్వదేశంలో ఉద్యోగం కోల్పోయి, భార్య ఆలిస్‌తో 1960 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఆ ఏడాది ఆయన్ను పారిస్‌కు పిలిచి ఆరవ విభాగంలో స్థానమిచ్చినది బ్రోదెల్. అమెరికన్ డబ్బుతో ఎదిగిన సంస్థలో, అమెరికా వెళ్లగొట్టిన ఆర్థికవేత్త కూర్చుని మన రైతుల గురించి పాఠం చెప్పాడు! 1974లో మరణించేవరకు ఆయన ఇక్కడే పనిచేశారు. రష్యన్ ఆర్థికవేత్త చయనోవ్ రాసిన రైతు ఆర్థిక వ్యవస్థ సిద్ధాంతాన్ని 1966లో ఇంగ్లీషులోకి తెచ్చిన ముగ్గురు సంపాదకుల్లో ఆయన ఒకరు, మరొకరు ఇక్కడే పనిచేసిన బాసిల్ కెర్బ్లే.

ఇదే సంస్థలో థార్నర్ కంటే ముందే, 1955 నుంచి, మానవశాస్త్రజ్ఞుడు లూయి ద్యుమోఁ ఉన్నాడు. తమిళనాడులో ప్రమలై కళ్లర్ కులం మీద క్షేత్రపరిశోధన చేసిన ఆయన, కులవ్యవస్థకు మూలం శుద్ధి-అశుద్ధి భావన మీద నిలిచిన అంతస్తుల క్రమమని వాదించాడు. ఒకరు కులాన్ని ఆచారంలో చూస్తే, మరొకరు పల్లెను భూమిలో, కూలిలో చూశారు. ఇద్దరూ ఒకే విభాగంలో భారతదేశం గురించి చెప్పారంటే, విద్యార్థులకు ఎంతటి అవకాశమో ఊహించండి. నేను డెల్టా కౌలు రైతుల మీద పరిశోధన చేస్తున్నాను కనుక, నా మొగ్గు ఎటువైపో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అయినా, కౌలు ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ద్యుమోఁను పూర్తిగా పక్కన పెట్టలేకపోతున్నాను. ఇక్కడి సౌత్ ఏషియా కేంద్రం 1975లో ప్రారంభించిన ‘పురుషార్థ’ అన్న గ్రంథమాలలో ఈ రెండు ధోరణుల జాడలూ నాకు కనిపిస్తుంటాయి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. 1975కు ముందు ఆరవ విభాగంలో ఎంత పరిశోధన చేసినా, డాక్టరేట్ అధికారం ప్రధానంగా విశ్వవిద్యాలయం చేతుల్లోనే ఉండేది. 1968 మే నెల విద్యార్థుల ఆందోళన తర్వాత పాత పారిస్ విశ్వవిద్యాలయాన్ని ముక్కలు చేసి పదమూడు విశ్వవిద్యాలయాలుగా మార్చారు. ఆ కలకలంలో ఆరవ విభాగం తన భవిష్యత్తు గురించి బేరమాడుకుంది. బ్రోదెల్ తర్వాత అధ్యక్షుడైన మధ్యయుగ చరిత్రకారుడు జాక్ ల గోఫ్ హయాంలో, 1975 జనవరిలో వెలువడిన డిక్రీ దాన్ని ఎకోల్ ప్రాతిక్ నుంచి విడదీసి, ఇప్పటి పేరుతో స్వతంత్ర సంస్థగా గుర్తించి, సొంతంగా డాక్టరేట్ ఇచ్చే అధికారాన్ని కల్పించింది. ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడిన తమ్ముడిలా, అన్నగారి ఆచారాలు చాలావరకు తనతో తెచ్చుకుంది. కాబట్టి చుట్టాలెవరైనా అడిగితే, పేరులో లేకపోయినా డాక్టరేట్ పట్టా ఇచ్చే అధికారం పూర్తిగా ఉన్న ప్రభుత్వ సంస్థ అని ధైర్యంగా చెప్పండి.

ఆ ఆచారాల్లో అన్నిటికంటే విలువైనది సెమినార్. నేను వెళ్లే ఒక సెమినార్‌ను మీకు వర్ణిస్తాను. పొడవాటి బల్ల చుట్టూ ఇరవై మంది దాకా కూర్చుంటారు, వెనకాల గోడ దగ్గర కుర్చీల్లో మరికొందరు. ఆచార్యురాలు పూర్తయిన పాఠం చెప్పదు. తాను రాస్తున్న అధ్యాయంలో తనకే తెగని ముడిని మా ముందు పెడుతుంది. ఒకరోజు బీహార్‌లోని ఒక గ్రామపు రెవెన్యూ రికార్డు నకలు తెర మీద చూపించి, ఒకే సర్వే నంబరు మీద రెండు పేర్లు ఎందుకున్నాయో అర్థం కావడం లేదంది. ఎవరో చరిత్ర విద్యార్థి ఒక వివరణ ఇచ్చాడు. గోడ దగ్గర కూర్చున్న ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, పేరు నమోదు చేసుకున్న విద్యార్థి కూడా కాదు, అది తాకట్టు అయి ఉంటుందన్నాడు. ఆవిడ రెండూ రాసుకుంది. మన దగ్గర ఆచార్యుడు ఇలా నాకు తెలియడం లేదని క్లాసులో ఒప్పుకోవడం అరుదు కదా! పరీక్ష కోసం బట్టీ పట్టవలసినదేమీ ఉండదు. ఏడాది చివర సొంతంగా వ్యాసం రాయాలి, అంతే.

పట్టాలు లేని మనుషులకు తలుపు తీసి ఉంచడం రెండో ఆచారం. క్షయవ్యాధి వల్ల సరైన విద్యార్హతలు సంపాదించలేకపోయిన సాహిత్య విమర్శకుడు రోలాఁ బార్త్‌ను 1962లో ఇక్కడ అధ్యయన నిర్దేశకుడిగా, అంటే ఆచార్యుడిగా, ఎన్నుకున్నారు. ఉష్ణమండల పండ్లకు సంబంధించిన ఒక సమాచార కేంద్రంలో జీవితమంతా ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో బాల్యం గురించీ మరణం గురించీ చరిత్ర రాసిన ఫిలిప్ ఆరియెస్‌కు అరవై దాటాక, 1978లో, స్థానం దొరికింది. ఎన్నిక అంటే నిజంగా ఎన్నికే: అభ్యర్థి తన పరిశోధనా ప్రణాళికను సమర్పిస్తే, అన్ని శాస్త్రాల ఆచార్యులూ ఒకే సభగా కూర్చుని ఓటు వేస్తారు. ఆర్థికవేత్త నియామకం మీద మానవశాస్త్రజ్ఞుడికీ ఓటుంటుంది. ఇందులో పక్షపాతాలకు చోటు లేదని నేను అనను. ఎవరి శిష్యులకు ఎవరు మద్దతిస్తారన్నది కారిడార్లలో వినిపిస్తూనే ఉంటుంది.

సొంత ఇల్లు మాత్రం ఈ సంస్థకు చాలాకాలం కుదరలేదు. బ్రోదెల్, ఆయనకు కుడిభుజమైన క్లెమెన్స్ హెల్లర్ కలిసి 1963లో మెజోఁ దే సియాన్స్ ద లొమ్ అన్న మరో సంస్థను స్థాపించి, ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో బుల్వార్ రాస్పాయ్‌లో 54వ నంబరు భవనం కట్టించారు. అది 1970 ప్రాంతానికి సిద్ధమైంది. అంతకుముందు ఆ స్థలంలో షెర్ష్-మిది సైనిక కారాగారం ఉండేది; దేశద్రోహి అని అన్యాయంగా నేరం మోపిన యూదు సైనికాధికారి ద్రేఫ్యుస్‌ను 1894లో బంధించినది అక్కడే. ఆ గాజు-ఉక్కు భవనంలో మా సంస్థ ఎక్కువభాగం అద్దెదారులాగే గడిపింది. తర్వాత అందులో ఆస్బెస్టాస్ ఉందని తేలడంతో మరమ్మతులకు ఖాళీ చేసి, పదమూడవ వార్డులోని అవెన్యూ ద ఫ్రాన్స్‌కు తరలి, 2017లో తిరిగి వచ్చారు. ఇప్పుడు పారిస్‌కు ఉత్తరాన, పూర్వం గిడ్డంగులూ కర్మాగారాలూ ఉన్న ఒబెర్‌విలియేలో, కొందొర్సే ప్రాంగణంలో మరొక భాగం ఉంది. 2019లో తెరిచారు. మార్సెయ్‌లో పదిహేడవ శతాబ్దంలో పేదల ఆశ్రయానికి కట్టిన భవనంలో కూడా మా పరిశోధకులున్నారు.

ఒబెర్‌విలియేకు మారడం గురించి పాతతరం ఆచార్యులు తెగ బాధపడుతుంటారు, రాస్పాయ్ దగ్గర కాఫీ తాగుతూ జరిగే సంభాషణే అసలు చదువని. నాకు మాత్రం అంత నష్టం కనిపించడం లేదు. పన్నెండవ నంబరు మెట్రోలో ఫ్రోఁ పొప్యులేర్ స్టేషను దాకా వెళితే, దాదాపు యాభై గ్రంథాలయాల పుస్తకాలు ఒకచోట చేర్చిన కొత్త లైబ్రరీ ఉంది. దక్షిణాసియా అరలకు నేను తరచూ వెళ్తుంటాను. నాకు బెంగ కలిగించేది ఇంకొకటి. సొంత పట్టా వచ్చినప్పటి నుంచి సంస్థ కొంచెం కొంచెంగా విశ్వవిద్యాలయంలా మారుతోంది. చదివిన కోర్సులకు దక్కే క్రెడిట్లు లెక్కపెట్టుకోవాలి, పథకాల రూపంలో డబ్బుకు దరఖాస్తులు పెట్టాలి, ర్యాంకులకు సమాధానం చెప్పుకోవాలి. కొత్తగా వచ్చే విద్యార్థుల్లో కొందరు సెమినార్‌లో హాజరుపట్టీ ఎక్కడని అడుగుతున్నారు. దాదాపు సగం మంది విదేశాల నుంచి వచ్చినవాళ్లం కావడంతో, వీసా కార్యాలయానికి కాగితాలు చూపించవలసిన అవసరం మాకూ ఉంది, వారిని తప్పు పట్టలేను. ద్యురుయి పెట్టిన నియమానికీ ఈ కాగితాలకూ సయోధ్య ఎలా కుదురుతుందో సంస్థే తేల్చుకోవాలి.

ఒక కోరిక ఉంది. థార్నర్ మీద మీరు క్లాసుకు తయారుచేసుకున్న నోట్సు, నీలం అట్ట ఫైలులో ఉండేది, అటక మీద ఇంకా ఉంటే చెల్లి చేత ఫోనులో ఫొటోలు తీయించి పంపండి. పశ్చిమ గోదావరి కౌలు ధరల గురించి మీరు పక్కన పెన్సిలుతో రాసుకున్న అంకెలు నాకు కావాలి. చెదలు పట్టిన పేజీలైనా ఫర్వాలేదు. పెద్దమ్మగారికి నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ ఆశీర్వాదం కోరే
అమ్మాయి