ఉద్దానానికి నీళ్లు సరే, ఊళ్లిచ్చిన వారి సంగతేమిటి?

సంపాదకులకు,

నాలుగైదు రోజుల క్రితం మీ జిల్లా పేజీలో, వంశధార ప్రాజెక్టులోని హిరమండలం జలాశయ నిర్వాసితుల పునరావాసం దాదాపు ముగిసినట్టేనని సమీక్షలో అధికారులు తేల్చిన వార్త చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ, మా నిర్వాసితుల కాలనీలో ఇంటికి ఒకరో ఇద్దరో జ్వరంతో పడుకుని ఉండగా తీరిక చిక్కలేదు.

ఇళ్ల లెక్క నిజమే కావచ్చు. స్థలం ఇచ్చారు, ప్యాకేజీ డబ్బు ఇచ్చారు, గోడలు లేచాయి. అయితే మా వీధి మురుగు కాలువ పొలం గట్టు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది, ఎటు పోవాలో తవ్వినవారికీ తెలిసినట్టు లేదు. ఆ నీరంతా వెనక్కి తన్ని గడపల ముందే నిలుస్తోంది కాబట్టి, మాకంటే ముందు దోమలకే సంపూర్ణ పునరావాసం లభించింది. మంచినీటి ట్యాంకుకు రంగు వేశారు, మోటారు కాలిపోయి రెండు నెలలైనా ఆ ఊసే లేదు. వారానికోసారి వచ్చే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం గారు కూర్చోవడానికి గది లేక రామమందిరం అరుగు మీదే బీపీ చూస్తున్నారు. ఆమెను నేను తప్పుపట్టను, ఆమెకు ఇంకా మూడు ఊళ్లున్నాయి.

2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలు తెరిస్తే, పునరావాస గ్రామానికి రెండు కిలోమీటర్ల లోపు ఆరోగ్య ఉపకేంద్రం, ప్రతి కుటుంబానికీ సురక్షితమైన తాగునీరు, మురుగు పారుదల, ఆఖరికి పశువులకు తాగునీరు సైతం ఉండాలని కనిపిస్తుంది. ఈ మాట ఒక కార్యాలయంలో ఎత్తితే, మీ భూములు 1894 నాటి చట్టం కింద తీసుకున్నవి గనుక అది మీకు వర్తించదని సెలవిచ్చారు. మలేరియా జ్వరానికి ఏ సంవత్సరపు చట్టం వర్తిస్తుందో కూడా అడిగి ఉండాల్సింది.

పాత ఊళ్లో మా పెరట్లో మునగ చెట్టు, పందిరి మీద ఆనప పాదు, పాకలో రెండు గేదెలు ఉండేవి. పొద్దున్నే చోడి అంబలి తాగి పొలం వెళ్లిన మా అమ్మకు డెబ్బై ఏళ్లొచ్చేదాకా ఆసుపత్రి గుమ్మం తెలియదు. ఇక్కడ గేదెను కట్టడానికి చోటు లేదు, కరివేపాకు రెబ్బ కూడా కొనాల్సిందే. ఆమెకు షుగరు వచ్చింది, ఆకుకూరలు ఎక్కువ తినమని డాక్టరు గారు రాశారు. పొలం పోయిన కుర్రాళ్లు చెన్నై, హైదరాబాదు పనులకు వెళ్లిపోగా మిగిలిన ముసలివాళ్లు ఉచితంగా ఇచ్చే మాత్రల కోసం రానూపోనూ ఆటోకు 400 రూపాయలు పెడుతున్నారు. అంత పెట్టలేనివారు మాత్రలు మానేస్తున్నారు.

ఇదే జలాశయం నుంచి సుమారు 700 కోట్ల రూపాయల పథకంతో ఉద్దానం కిడ్నీ బాధిత గ్రామాలకు నీరు తీసుకెళ్లి, 2023 డిసెంబరులో ఆర్భాటంగా ప్రారంభించారు. ఆ జనం పడ్డ బాధ ఈ జిల్లాలో తెలియని వారు లేరు, వారికి నీరందడం మాకు సంతోషమే. కానీ పాడలి, తులగాం, ఇరపాడు వంటి ఊళ్లు మునిగితే నిలిచిన నీరు పలాస, ఇచ్ఛాపురం వైపు అంతంత దూరం గొట్టాల్లో ప్రయాణించగలిగినప్పుడు, ఆ ఊళ్లు వదిలి వచ్చిన వారి కుళాయి దాకా ఎందుకు రాలేదో సమీక్షలో ఎవరూ అడగరు. రేపు కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం, భోగాపురం విమానాశ్రయం నిర్వాసితులకు కూడా ఇళ్ల సంఖ్యే చదివి వినిపిస్తారు కాబోలు.

సోమవారం అర్జీల కార్యక్రమానికి పేర్లు మారుతున్నాయి, అధికారులు మారుతున్నారు, మేము మాత్రం పాత అర్జీ మీద తేదీ మార్చి మళ్లీ ఇస్తున్నాం. పునరావాసం పూర్తయిందని సంతకం పెట్టే ముందు ఒక్క సమీక్షను మా రామమందిరం అరుగు మీద, సాయంత్రం ఆరు దాటాక పెట్టాలని మనవి. కుర్చీలు, దోమతెరలు మేమే చూసుకుంటాం. తాగునీరు మాత్రం వచ్చేవారే తెచ్చుకోవాలి.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, వంశధార నిర్వాసితుడు,
శ్రీకాకుళం జిల్లా