మంచినీళ్ల ప్లాంటు సోలార్ పనులు: జమా ఖర్చుల వివరణ

గ్రామ ప్రజలందరికీ సోలార్ కమిటీ నమస్కారాలు.

ప్లాంటుకు సోలార్ పెట్టడానికి ఊరంతా కలిసి ఇచ్చిన డబ్బు గురించి రచ్చబండ దగ్గర, వాట్సాప్ గ్రూపులో రకరకాల మాటలు నడుస్తున్నాయి. అందుకే మొత్తం లెక్క రాసి పెడుతున్నాం. చదువు రాని పెద్దవాళ్లకు ఇంట్లో పిల్లలు చదివి వినిపించాలని మనవి.

జమ: ఇంటికి 1,000 చొప్పున 214 ఇళ్ల చందా 2,14,000. బయట ఊళ్లలో, విదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు పంపింది 1,35,000. ప్లాంటు నిధిలో మిగులు 48,000. శ్రీరామనవమి కమిటీ మిగులు 12,500. బ్యాంకు వడ్డీ 1,140. మొత్తం 4,10,640 రూపాయలు. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి దండం పెడుతున్నాం.

ఖర్చు:

అయిదు కిలోవాట్ల ప్యానెళ్లు, ఇన్వర్టరు, ఇనుప స్టాండ్లు, బిగింపు: 2,75,000
మీటరు, దరఖాస్తు రుసుములు: 14,200
ఎర్తింగు, పిడుగుల రక్షణ: 11,500
పనివాళ్ల భోజనాలు, టీలు, ఆటోలు: 4,650
రసీదు పుస్తకాలు, ఫ్లెక్సీ: 1,850

వీటి మీద ఎవరికీ పేచీ లేదు. కాకపోతే "78 వేల సబ్సిడీ ఎవరి జేబులోకి పోయింది" అని అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన, సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం ఇళ్ల కనెక్షన్లకు. కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు, ఆపైన ఎన్ని పెట్టుకున్నా 78,000. ఆ డబ్బు కూడా ఇంటి యజమాని బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. మన ప్లాంటుది ఇంటి సర్వీసు కాదు. రాని సబ్సిడీని ఎవరైనా ఎలా తింటారు?

ఇక అసలు గొడవ. ప్యానెళ్లు ప్లాంటు మీద కాక కాలనీ కమ్యూనిటీ హాలు మిద్దె మీద పెట్టాం. ఆ మిద్దె మరమ్మతు 18,000. కేబులు 160 మీటర్లు 41,600. కాలువ తవ్వకం, సిమెంటు రోడ్డు కోసి మళ్లీ పూడ్చడం 27,400. కాలనీకి నీళ్ల పైపు, కుళాయి, గచ్చు 19,800. మొత్తం 1,06,800. "ప్లాంటు ఒకచోట, ప్యానెళ్లు ఇంకోచోట ఎందుకు? అంతా కాలనీకే చేశారు" అన్న మాట మాకు చాలా బాధ కలిగించింది.

ప్లాంటు రేకుల షెడ్డు. అయిదు కిలోవాట్లకు దాదాపు 500 చదరపు అడుగుల గట్టి మిద్దె కావాలి. పంచాయతీ ఆఫీసు మిద్దె ఉంది కానీ మధ్యాహ్నం రెండు దాటితే రావిచెట్టు నీడ సగం మిద్దెను కమ్మేస్తుంది. ప్యానెళ్లన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడినా మిగతా వాటి కరెంటు కూడా తగ్గుతుంది. రావిచెట్టు కొట్టేద్దామన్నవాళ్లు కూడా ఉన్నారు, మేం ఒప్పుకోలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండ పడే మిద్దె కాలనీ హాలు ఒక్కటే. కాలనీవాళ్లు అద్దె అడగకుండా మిద్దె ఇచ్చారు. వానకు కారే మిద్దెను బాగుచేయకుండా దాని మీద ఇనుము ఎలా బిగిస్తాం? తయారైన కరెంటు ప్లాంటు సర్వీసు మీటరు దగ్గర కలవాలి కాబట్టి కేబులు తప్పదు.

కేబులు కోసం ఎలాగూ కాలువ తీస్తున్నాం కాబట్టి, అదే కాలువలో అడుగు ఎడంగా నీళ్ల పైపు వేశాం. దానికి అదనంగా అయింది ఆ 19,800 మాత్రమే. కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. గారపట్టిన పళ్లతో, వంగని మోకాళ్లతో మన పెద్దవాళ్లు ఎంతమంది లేరు! ప్లాంటు దూరమై, లైనులో నిలబడే తీరిక లేక, కాలనీలో కూలికి పోయే ఆడవాళ్లు ఆ బోరు నీళ్లే పట్టుకునేవాళ్లు. వాళ్ల మిద్దె మీది ఎండతో ప్లాంటు నడుపుకుంటూ, వాళ్ల గడపకు నీళ్లు ఇవ్వకపోతే అది న్యాయమా? ఈ పని మేం మళ్లీ చేయాల్సి వచ్చినా ఇలాగే చేస్తాం.

తవ్వకం ఖర్చు గురించి ఒక మాట. రోడ్డు కోసిన చోట పాత పంచాయతీ పైపు బయటపడింది. జేసీబీ ఆపేసి అక్కడి నుంచి గడ్డపారలతోనే తవ్వాం. చందా ఇవ్వలేని 19 ఇళ్లవాళ్లు, చెరువుకట్ట మీది యానాది కుటుంబాలతో సహా, ఇంటికి రెండు రోజులు వచ్చి ఈ పని చేశారు. కూలి రోజుకు 500 లెక్కన అది వెయ్యి రూపాయల చందాయే. రసీదులు కూడా అలాగే రాసిచ్చాం. వాళ్లని "ఊరికే నీళ్లు తాగేవాళ్లు" అనడం మానుకోవాలి.

ప్యానెళ్లు బిగించాక రెండు నెలలు ఖాళీగా ఎండాయి, నిజమే. మనం వాడుకున్న కరెంటు, లైనుకు పంపిన కరెంటు రెండూ లెక్కపెట్టే నెట్ మీటరు పెట్టేదాకా ఆన్ చేయకూడదు. మీటరు కోసం కరెంటు ఆఫీసు చుట్టూ ఎంత తిరిగామో మాకే తెలుసు. ఇప్పుడు మంచి ఎండలో రోజుకు 20 యూనిట్ల దాకా వస్తున్నాయి. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందేమిటని అడుగుతున్నారు. స్తంభం మీద పనిచేసే లైన్‌మేన్‌కు మన కరెంటు తగలకుండా ఇన్వర్టరు దానంతటదే ఆగుతుంది. బ్యాటరీలు పెట్టుకుంటే నడుస్తుంది కానీ కొన్నేళ్లకోసారి వాటిని మార్చే స్తోమత మనకు లేదు.

నీళ్ల క్యాను పది నుంచి అయిదు రూపాయలకు దించాం, అందరికీ ఒకటే రేటు. పదివేలు ఇచ్చిన ఇంటికి ఉచితంగా ఇవ్వాలని, పేర్లతో రాయి వేయించాలని కొందరు అడిగారు. గ్రామసభలో అనుకున్నది ఇంటికో చందా, ఇంటికో హక్కు. దానికే కట్టుబడ్డాం.

మొత్తం ఖర్చు 4,14,000. జమ పోను 3,360 తక్కువ పడితే కోశాధికారి సొంత డబ్బు వేశారు, ఆయనకు ఇంకా ఇవ్వాలి. గ్రామసభలో చెయ్యెత్తి ఒప్పుకుని ఇప్పటికీ కట్టని ఇళ్లు 29. వాటిలో మిద్దెలున్న ఇళ్లు కూడా ఉన్నాయి. పేర్లు రాయడం లేదు. బయట ఊరి నుంచి ఫోనులో చెప్పిన 25,000 కూడా ఇంకా రాలేదు. ఇవన్నీ వస్తే అప్పు తీరగా మిగిలే 50,640 రూపాయలు ఇన్వర్టరు రిపేర్లకు బ్యాంకులో వేస్తాం.

బిల్లులు, రసీదు పుస్తకాలు, పాసుబుక్కు ప్లాంటు గదిలో బీరువాలో ఉన్నాయి. రోజూ సాయంత్రం 5 నుంచి 7 దాకా ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. బాకీ కూడా అక్కడే కట్టొచ్చు, రసీదు అడిగి తీసుకోండి.