తమ్ముడి బాకీ జీతం ఇప్పించిన వారికి కృతజ్ఞతలు

దుబాయిలో ఒక నిర్మాణ కంపెనీలో నాలుగేళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి మానుకున్న మా తమ్ముడికి రావలసిన రెండు నెలల జీతమూ, ఉద్యోగం మానినప్పుడు కంపెనీ ఇవ్వవలసిన గ్రాట్యుటీ సొమ్మూ ఇటీవల అతని ఖాతాలో జమ అయ్యాయి. దేవరకొండలో ఉన్న మా కుటుంబం తరఫున, ఈ పని జరగడానికి కారకులైన వారందరికీ నమస్కారాలు తెలియజేస్తున్నాను. పేర్లు రాయవద్దని వారే కోరినందున ఊళ్లను బట్టి తలుచుకుంటాను.

ముందుగా చెప్పవలసింది అక్కడే మరో కంపెనీలో టైమ్‌కీపర్‌గా ఉన్న కల్వకుర్తి అన్న గురించి. ఐదేళ్లు నిండకుండా రాజీనామా చేసినవారికి గ్రాట్యుటీలో కోత పడుతుందని కంపెనీవారు అన్నారు, కార్మికుల క్యాంపులోని పాతవాళ్లు కూడా అదే నిజమన్నారు. అక్కడి 1980 నాటి కార్మిక చట్టంలో అటువంటి కోత ఉన్నమాట వాస్తవమేగాని, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండిన కార్మికుడు తానుగా మానుకున్నా, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం చొప్పున పూర్తిగా ఇవ్వాలనీ, ఒప్పందం ముగిసిన 14 రోజులలోగా బాకీలన్నీ తీర్చాలనీ ఆయన విడమరిచి చెప్పారు. బేసిక్ 1,200 దిర్హాములు గనుక రోజుకు 40, నాలుగేళ్లకు 84 రోజులు, మొత్తం 3,360 దిర్హాములు అని కాగితం మీద లెక్క కట్టి ఇచ్చారు. అలవెన్సులు ఇందులో కలవవని కూడా ఆయనే చెప్పారు. మేము ఇంటి దగ్గర మొత్తం జీతం మీద లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాము.

వీసా క్యాన్సిల్ చేసే ముందు, బాకీలన్నీ ముట్టినట్లు రాసి ఉన్న కాగితంపై సంతకం పెట్టమని తమ్ముడిని ఒత్తిడి చేశారు. డబ్బు చేతికి రాకుండా దానిపై సంతకం పెట్టవద్దని చెప్పిన ఆ కేరళ అకౌంటెంటుగారు అదే కంపెనీలో ఉద్యోగి. తన కొలువుకు ఇబ్బంది రావచ్చని తెలిసి కూడా చెప్పిన ఆయన రుణం తీర్చుకోగలిగేది కాదు.

ఊళ్లో కొందరు ఎవరైనా నాయకుడితో ఫోను చేయించమన్నారు. కల్వకుర్తి అన్న మాత్రం నేరుగా అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖకు ఫిర్యాదు పెట్టించారు. 50,000 దిర్హాములు దాటని తగాదాలను 2024 నుంచి ఆ శాఖే తేల్చగలదు. కోర్టుకు పోవలసివచ్చినా లక్ష దిర్హాములలోపు దావాకు కార్మికుడు ఫీజు కట్టనవసరం లేదు. జీతాలు బ్యాంకు లేదా అనుమతి ఉన్న ఎక్స్ఛేంజి సంస్థ ద్వారానే పడాలన్న నిబంధన ఉన్నందున, బ్యాంకు స్టేట్‌మెంటులో జీతం పడని ఆ రెండు నెలలే సాక్ష్యమయ్యాయి. ఫిర్యాదు రాసే ముందు ఏ కాగితాలు జతచేయాలో ఓపికగా వివరించిన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం సిబ్బందికి ధన్యవాదాలు.

జీతం ఆగిన రోజులలో అమ్మ మందులకు డబ్బు సర్దిన మిర్యాలగూడ బావగారికి మొన్ననే అసలు తిరిగి ఇచ్చాము. మిత్తి ఇవ్వబోతే ఆయన కోప్పడ్డారు.