పెద్ద బండి తాళంతోపాటు ఒక గంట శిక్షణ కూడా ఇవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారం.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న ద్విచక్ర వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తరవాత మా కోనసీమలోను, వశిష్ఠ గోదావరికి అవతల పాలకొల్లు, భీమవరం వైపునా, ఏళ్ల తరబడి 100 సీసీ బండి నడిపినవారు 150, 160 సీసీ బండ్లకు మారడం చూస్తున్నాను. నేను అంతకు కొన్ని నెలల ముందే మారాను. మారినందుకు నాకు విచారం లేదు. కానీ బండి అప్పగించిన రోజున షోరూములో ఎవరూ చెప్పని ఒక సంగతి వల్ల వారం తిరగకుండానే నేనూ నా భార్యా కాలువలో పడవలసినవాళ్లం, తప్పిపోయింది. అది మరెవరికీ జరగకూడదనే ఈ లేఖ రాస్తున్నాను.

మలికిపురం మండలంలోని మా ఊరి నుంచి భీమవరంలో నేను పనిచేసే చోటికి రానుపోను 80 కిలోమీటర్ల వరకు ఉంటుంది. అందులో కొంత 216 నంబరు జాతీయ రహదారి, మిగిలిందంతా కాలువ గట్టు రోడ్డు. ఎనిమిది గుర్రాల శక్తి ఉన్న పాత బండి మా ఊరి పనులకు ఎన్నడూ లోటు చేయలేదు. అయితే భార్యను ఎక్కించుకుని దిండి–చించినాడ వంతెన ఎక్కినప్పుడు, వెనక బస్సు హారను కొడుతుండగా, వశిష్ఠ మీది ఎదురుగాలికి బండి ముందుకు సాగక ప్రతిసారీ గుండె దడదడలాడేది. ఆ భయం తీరడానికే మారాను గాని వేగం మీద మోజుతో కాదు.

అసలు చిక్కు గేర్ల దగ్గర వచ్చింది. మా ప్రాంతంలో ఎక్కువగా కనిపించే నాలుగు గేర్ల 100 సీసీ బండ్లలో గేరు పెంచడానికి కాలివేళ్లతో నొక్కుతాము, తగ్గించడానికి మడమతో నొక్కుతాము. 150, 160 సీసీ బండ్లలో మొదటి గేరు మాత్రమే కిందికి ఉంటుంది, తక్కిన నాలుగూ పైకి ఎత్తాలి. అంటే పాత బండిలో గేరు పెంచే నొక్కుడే కొత్త బండిలో గేరును తగ్గిస్తుంది. పన్నెండేళ్లు ఒకే విధంగా కదిలిన కాలు, బుద్ధి చెప్పినంత మాత్రాన అలవాటు మార్చుకోదు. ఒక సాయంత్రం కాలువ వంతెన దిగుతూ, మూడో గేరులో ఉన్న బండిని నాలుగులోకి తేవాలనుకుని, కాలివేళ్లతో నొక్కాను. అది రెండులో పడింది. ఇంజను ఒక్కసారిగా అరిచింది, చేపల లారీ నుంచి కారిన నీళ్లతో తడిసిన రోడ్డు మీద వెనక చక్రం పక్కకు జారింది. పిట్టగోడ లేని ఆ మలుపులో, కాలువ అంచుకు మూరెడు దూరంలో బండి ఆగింది. ఆ రాత్రి నా భార్య అన్నం ముట్టలేదు.

రెండో సంగతి బ్రేకులది. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు), 125 సీసీ వరకు ఉన్నవాటికి కనీసం సీబీఎస్ (రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు) తప్పనిసరి అయ్యాయి. సీబీఎస్ ఉన్న చిన్న బండిలో కాలి బ్రేకు నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. మన వాళ్లలో చాలామంది ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతామన్న భయంతో కాలి బ్రేకునే నమ్ముకుంటారు. పెద్ద బండిలో కాలి బ్రేకు సాధారణంగా వెనక చక్రానికి మాత్రమే పరిమితం. బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు వస్తుంది కనుక ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. పైగా చాలా బండ్లలో ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది, కాలితో గట్టిగా తొక్కితే వెనక చక్రం బిగుసుకుపోయి జారుతుంది. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీద ఏ బ్రేకైనా నెమ్మదిగానే వేయాలి, ఎందుకంటే ఏబీఎస్ చక్రాన్ని బిగుసుకుపోనివ్వదు గాని, రోడ్డుకు లేని పట్టును తెచ్చిపెట్టలేదు.

బరువు మాట కూడా చెప్పాలి. పాతది 112 కిలోలు, కొత్తది 140. సఖినేటిపల్లి రేవులో పంటు (నది దాటించే పెద్ద పడవ) మీద నుంచి బండిని వెనక్కి నెట్టుకుంటూ దింపినప్పుడు ఆ తేడా నడుముకు తెలుస్తుంది. పెట్రోలుకు నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు ఎక్కువవుతోంది, 150 సీసీ దాటితే థర్డ్ పార్టీ బీమా కూడా దాదాపు రెట్టింపు. ఇవి ముందే తెలిసిన ఖర్చులు, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.

గేర్లున్న మోటారు సైకిలుకు లైసెన్సు ఒకటే. 100 సీసీ బండి మీద ఎనిమిది అంకె తిప్పి లైసెన్సు పొందిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడు మర్నాడే 350 సీసీ బండి ఎక్కవచ్చు. చట్టం మారాలని నేను కోరడం లేదు. బండి అమ్మేవారు తాళం చేతికిచ్చే ముందు కొనుగోలుదారును ఖాళీ మైదానంలో ఒక గంట నడిపించాలి. గేర్లు పైకి ఎత్తడం, ముందు బ్రేకు కొద్దికొద్దిగా బిగించడం, వెనక మనిషిని ఎక్కించుకుని ఆపడం చేయించాలి. రవాణా శాఖ వారు ఈ మేరకు డీలర్లకు ఒక సూచన పంపించాలని మనవి. కాలువ వంతెనల మలుపుల్లో పిట్టగోడలు కట్టే బాధ్యత ఉన్నవారు కూడా ఈ లేఖ చదువుతారని ఆశిస్తున్నాను.

మా ఊళ్లో ఈ సంక్రాంతికి బండి మార్చుకోబోతున్న ఇద్దరిని గత ఆదివారం హైస్కూలు మైదానానికి తీసుకువెళ్లి నా బండి ఇచ్చాను. ఇద్దరూ మొదటి పది నిమిషాల్లో నేను చేసిన పొరపాటే చేశారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మలికిపురం మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా