కిల్టు కింద డ్రాయరు సంగతి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో స్కాట్లాండు గురించి అరపేజీ వేశారు. కోటలు, సరస్సులు అన్నీ బాగున్నాయి. అడుగున ఒక బాక్సు కట్టి, కిల్టు (అక్కడి మగవాళ్లు కట్టే, మోకాళ్ల దాకా వచ్చే గళ్ల లంగాలాంటి గుడ్డ) కట్టేవాళ్లు లోపల ఏమీ వేసుకోరనీ, అదే అసలైన సంప్రదాయమనీ రాశారు. చదివినవాళ్లు నవ్వుకుని పేజీ తిప్పేసి ఉంటారు. నాకు నవ్వు రాలేదు. పూర్ణా మార్కెట్ దగ్గర సందులో ముప్పై ఏళ్లుగా టైలరింగ్ చేస్తున్నాను. ఈ ఊళ్లో ఒక పెళ్లి బ్యాండుకి పద్నాలుగు కిల్టులు కుట్టింది నేనే. ఆ బాక్సులో ఉన్న ముక్క వల్లే మా ఇంటి పరువు ఒకసారి బీచ్ రోడ్డున పడింది.

మా మేనల్లుడు ఆ బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయిస్తాడు. రెండేళ్ల కిందట మాఘమాసంలో ఒక ఊరేగింపు ఒప్పుకున్నారు. ఈవెంట్ వాళ్లు కిల్టులూ, బ్యాగ్‌పైపులూ (అక్కడి తోలుసంచీ ఊదుడు వాయిద్యాలు) కావాలన్నారు, సరే. వాళ్లలో ఒక కుర్రాడు, ఎక్కడ చదివాడో గానీ, 'ఒరిజినల్‌గా ఉండాలంటే లోపల ఏమీ ఉండకూడదు' అన్నాడట. మిగతా పదమూడు మందీ బుద్ధిగా తలూపి నిక్కర్లు వేసుకునే వచ్చారు. మావాడొక్కడే నిజమనుకున్నాడు. కాళీమాత గుడి దగ్గర బయలుదేరి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా బాగానే నడిచారు. అక్కడ సముద్రం వైపు నుంచి గాలి ఒక్క విసురు విసిరింది. పొట్ట మీద డ్రమ్ము, రెండు చేతుల్లో కర్రలు, ఇక కిల్టు పట్టుకునేదెలా? ముందు వైపు డ్రమ్ము కాపాడింది. వెనక ఆడపెళ్లివారు, వాళ్లకంటే ముందు వీడియో తీసేవాడు. తెల్లారేసరికి మా అక్క ఫోన్‌కి కూడా వచ్చేసింది. 'తమ్ముడూ, అది నువ్వు కుట్టిన గుడ్డేనా?' అని అడిగింది. మావాడు రెండు నెలలు బ్యాండు మొహం చూడలేదు.

అది నేను కుట్టిన గుడ్డే. తప్పులో నా వాటా కూడా ఉంది కాబట్టే ఈ ఉత్తరం.

స్కాట్లాండులో కట్టేది ఉన్ని గుడ్డ. మంచి కిల్టుకి ఎనిమిది గజాలు పడుతుంది, మన చీరకంటే ఎక్కువ. పెద్ద పన్నా గుడ్డ నాలుగు గజాలు తీసుకుని, పొడుగునా నడిమికి చీల్చి, రెండు ముక్కలూ కలిపి ఎనిమిది చేస్తారు. ముందు రెండు పొరలు సాదాగా ఒకదాని మీద ఒకటి వస్తాయి. కుచ్చిళ్లన్నీ వెనక్కే. గళ్లు ఎక్కడా తప్పకుండా కుచ్చి మీద కుచ్చి కూర్చాలి, అది చేసేవాడికి తెలుస్తుంది మెడనొప్పి. అంతా అయ్యాక రెండు కిలోలకి అటూ ఇటూ తూగుతుంది. మామూలు గాలికి కదలదు. ముందు వేలాడే తోలు సంచీ ఆ వైపు అణిచిపెడుతుంది. నేను కుట్టింది పల్చటి టెరీకాటన్, మనిషికి నాలుగు గజాలు. వాళ్లిచ్చిన డబ్బుకి అంతే వస్తుంది. అయినా మన విశాఖ ఉక్కలో ఉన్ని కట్టి డ్రమ్ము మోయమంటే మనిషి సొమ్మసిల్లిపోడూ? ఆ గుడ్డకి చెల్లిన పద్ధతి ఈ గుడ్డకి చెల్లదు. నిజానికి ఆ బరువు గుడ్డ కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. 1997లో హాంకాంగ్‌ని చైనాకి అప్పగించినప్పుడు బ్రిటిష్ సైన్యంలోని స్కాట్లాండు పటాలం బ్లాక్ వాచ్ సైనికుడొకడి కిల్టు వెనక గాలికి లేచింది. ఆ ఫొటో దేశదేశాల పేపర్లలో వచ్చింది.

సంప్రదాయం అన్నారు కాబట్టి అదీ చెబుతాను. పూర్వం అక్కడి కొండప్రాంతం వాళ్లు పెద్ద దుప్పటి లాంటి గుడ్డని నడుముకి బెల్టు వేసి బిగించుకునేవారు. దాని లోపల తొడల మీదికి దిగే పొడుగు చొక్కా ఉండేది. ఏమీ వేసుకోకపోవడమన్నది ఎక్కువగా సైనికుల పటాలాల పేరుతో పాకిన మాట. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జిగారు స్కాట్లాండు రాజధాని ఎడిన్‌బరో వచ్చినప్పుడు కిల్టు కింద ఒంటి రంగు బిగుతు లాగు వేసుకున్నారు. రాజుకే మొహమాటం ఉంది! పోటీల్లో హైలాండ్ డ్యాన్సు (అక్కడి కొండప్రాంతం నాట్యం) చేసేవాళ్లు లోపల ముదురు రంగుది వేసుకోవాలి. 2010లో ఈ గళ్ల గుడ్డల వ్యవహారాలు చూసే స్కాటిష్ టార్టాన్స్ అథారిటీ అనే సంస్థ డైరెక్టరే ఈ 'ఏమీ లేని' పద్ధతిని పిల్లచేష్ట అనీ, శుభ్రత కాదనీ అన్నారు. అద్దె కిల్టయితే ఆ మాట ఇంకా నిజం. నిన్న ఎవరు కట్టారో ఎవరికి తెలుసు?

మరి ఏం వేసుకోవాలి? ఆ గొడవ తర్వాత నేనే కిల్టు కట్టుకుని మా మేడ మీద వారం రోజులు సాయంత్రం పూట తిరిగాను. పక్కింటాయన మొదటిరోజు పలకరించలేదు. ముందు నా పాత పట్టాపట్టీల డ్రాయరు వేశాను. మోకాలు దాటి కిందికి వేలాడింది, కిల్టు ఉన్నా లేనట్టే. వదులు బాక్సరు నడిచేకొద్దీ పైకి జరిగి తొడల మధ్య ఉండ కట్టింది. లైక్రా సైక్లింగ్ షార్టు చూడ్డానికి బాగుంది గానీ గంటకల్లా చెమటకి ఒరుసుకుపోయింది. తెల్లది సరేసరి, కెమెరా ముందు దీపం పెట్టినట్టే. చివరికి నల్ల హోజరీ కాటన్ షార్టు తేలింది. కిల్టు అంచుకి జానెడు పైన ఆగాలి, నడుముకి వెడల్పు ఇలాస్టిక్ ఉండాలి, కాళ్ల మధ్య నాలుగుమూలల ముక్క వేసి కుట్టాలి. అది వేస్తే డ్రమ్ముతో అడుగు వేసినప్పుడు పట్టదు. కూర్చునేటప్పుడు వెనక కుచ్చిళ్లని అరచేత్తో కిందికి దువ్వి కూర్చోవడం మాత్రం మా ఆవిడ నేర్పింది. లంగా కట్టిన ఆడపిల్లకి ఎవరూ చెప్పక్కర్లేని పని, నలభై దాటిన మగాళ్లకి రెండు రోజులు పట్టింది.

అందుకని మీరు ఆ బాక్సు సరిచేస్తూ అదే పేజీలో నాలుగు లైన్లు వెయ్యండి. పెళ్లిళ్లకి బ్యాండు మాట్లాడే ఈవెంట్ వాళ్లకి కూడా ఒక మాట. షూ పాలిష్ దాకా లిస్టు రాస్తారు కదా, ఈ షార్టు కూడా రాయండి. రెండొందలకి కుట్టిస్తాను. మీ ముందు కాదనలేక తలూపే వాళ్లతో ఒరిజినల్ అనే మాట అనకండి.

మావాడు మళ్లీ వాయిస్తున్నాడు. మొన్న కార్తీకంలో బీచ్ రోడ్డులోనే ఊరేగింపు, గాలీ అలాగే కొట్టిందట. 'కొడితే కొట్టింది మావయ్యా' అన్నాడు. పద్నాలుగు షార్టుల డబ్బులు మాత్రం ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక టైలరు,
పూర్ణా మార్కెట్, విశాఖపట్నం