రిజిస్టర్లో లేని పేరు: విద్యాశాఖకు ఒక జవాను భార్య లేఖ

పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం సార్. మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా ఆయన ఆర్మీలో హవల్దార్. నిరుడు దసరా అయిన వారానికే ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. అక్కడికి కుటుంబాన్ని తీసుకుపోనివ్వరు. పంజాబ్‌లోని జలంధర్‌లో సామాను కట్టేసి పిల్లలతో ఊరికొచ్చాను.

ఎనిమిదో తరగతి చదివే బిడ్డను ప్రభుత్వ హైస్కూల్లో చేర్పిద్దామని పోతే, టీసీ మీద జలంధర్ డీఈవో (జిల్లా విద్యాధికారి) కౌంటర్ సైన్, అంటే ధ్రువీకరణ సంతకం, లేదన్నారు. పాత స్కూలు వాళ్లు యూడైస్‌లో, అదే బడిపిల్లల ఆన్‌లైన్ రికార్డులో, పేరు వదల్లేదన్నారు. మా ఆయనతో మాట్లాడదామంటే అక్కడ సిగ్నల్ ఉండదు. చివరికి టీసీని మళ్లీ జలంధర్‌కే స్పీడ్ పోస్టులో పంపాను. మా పక్క క్వార్టర్లో ఉండే మరాఠీ ఆవిడ, చంటిపిల్లాణ్ని చంకనేసుకుని నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగి సంతకం పెట్టించింది.

ఇరవై మూడు రోజులు పట్టింది. హెడ్మాస్టర్ సార్ మంచాయనే, బిడ్డను వచ్చి కూర్చోమన్నారు. కానీ రిజిస్టర్లో పేరు లేదు కదా, మధ్యాహ్న భోజనం లెక్కలోకి రాదు. అందరూ పళ్లేలు పట్టుకుని లైన్ కడితే, మా బిడ్డ వరండా చివర కూర్చుని డబ్బా తెరిచేది. తన పేరు పిలవరని తెలిసి కూడా హాజరప్పుడు చెవులు రిక్కించేదట.

రాష్ట్రం మారి వచ్చినా సరే, టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో చేర్చుకోవడం ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లోనే ఉంది. ఆ మాటే అంటే హెడ్మాస్టర్ సార్, "చట్టం సరేనమ్మా, రేపు ఆడిట్‌లో నన్నడుగుతారు" అన్నారు. ఆ భయం మీరొక్క సర్క్యులర్‌తో తీసేయొచ్చు. చేతిలో ఉన్న కాగితాలు చూసి ఆ రోజే పేరెక్కించమనండి, సంతకాలు తర్వాత తెప్పించుకోవచ్చు. అమెరికాలో సైనికుల పిల్లల కోసం 2008 నుంచి ఇలాంటి ఒప్పందమే నడుస్తోంది, ఇప్పుడు 50 రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. మన చట్టమేమో 14 ఏళ్ల దాకానే. తొమ్మిది, పది చదివే పిల్లలనూ ఆ సర్క్యులర్‌లో చేర్చండి. పోస్టింగ్ పిల్లల వయసు చూసి రాదు కదా.

ఇంకోటి, తెలుగు. పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అంటూ 2018లో చట్టం చేశారు, మంచిదే. నా బిడ్డ వాళ్ల నాయనమ్మతో పోట్లాడేది తెలుగులోనే. రాయడమే రాదు. హిందీ, గురుముఖి గడగడా రాస్తుంది. దేవరకొండ బస్టాండ్‌లో బస్సు బోర్డు చదవమంటే 'నల' దగ్గర ఆగిపోయి, "కింద వేలాడుతున్నదేంటమ్మా?" అంది. ఆ ల వత్తు దాటి 'నల్లగొండ' అనేసరికి బస్సు కదిలిపోయింది. అలాంటి పిల్లకు మొదటి నెలలోనే ఎనిమిదో తరగతి తెలుగు పేపరిస్తే ఏం రాస్తుంది? రెండేళ్లు ఆమెకు తగ్గ పేపరివ్వండి, సాయంత్రం ఒక గంట ఎవరితోనైనా అక్షరాలు దిద్దించండి.

జిల్లా కేంద్రంలో కేంద్రీయ విద్యాలయం ఉంది కదా అంటారేమో. మా ఊరి నుంచి రోజూ నల్లగొండకు పోయిరావడం ఆడపిల్లకు అయ్యే పని కాదు.

మా ఆయన ఫీల్డ్ నుంచి దిగాక మళ్లీ ఏ రాష్ట్రమో తెలియదు. ఈసారి కౌంటర్ సైన్ ఇక్కడే పెట్టించుకుని కదులుతాను, నాకు బుద్ధొచ్చింది. మా వెనక వచ్చేవాళ్ల కోసం, జూన్‌లో బడులు తెరిచేలోపే ఆ సర్క్యులర్ పంపండి సార్.

ఇట్లు,
ఒక హవల్దార్ భార్య,
దేవరకొండ, నల్లగొండ జిల్లా